బర్మా క్యాంపు: బడి ఇచ్చే అభయం

విశాఖపట్నంలో కంచరపాలెం వైపు పోయి బర్మా క్యాంపు ఎక్కడ అని అడిగితే దారి చెప్పనివారుండరు. పేరులో శిబిరమున్నది గాని నేడక్కడ గుడారాలు లేవు. నగరంలోని తక్కిన పేటల వంటిదే అదీ ఒక పేట. అయినను ఆ పేరు చెరిగిపోలేదు. ఒక దేశం తమను పరాయివారుగా ఎంచగా, తాతల నాటి దేశానికి తిరిగివచ్చిన కుటుంబాల కథ ఆ రెండు మాటలలో నిలిచి ఉన్నది. ఆ కథను నేడు మరల చెప్పుకొనటానికి కారణం కలదు. లోకంలో పలుచోట్ల వలసవచ్చినవారి పత్రాల తనిఖీ తీవ్రమైనది. పిల్లలను బడికి పంపుటయా, ఇంటనే దాచుకొనుటయా అని తల్లిదండ్రులు తల్లడిల్లుతున్నారు. ఇట్టివేళ బడి వారికి ఇవ్వగల ధైర్యమేమిటి? మన ఊరి చరిత్ర ఇందుకు కొంత సమాధానం చెప్పగలదు.

తెలుగువారికి రంగూను దూరదేశంగా తోచని కాలమొకటి ఉండెడిది. కాకినాడ, విశాఖపట్నం రేవులలో ఓడ ఎక్కినవారు బంగాళాఖాతం దాటి ఐరావతీ తీరాన దిగేవారు. గోదావరీ ముఖాన ఉన్న కోరంగి రేవు పేరును బట్టి అక్కడి ప్రజలు మనవారిని కొరంగీలని పిలిచినారు. రంగూను రేవులో మూటలు మోసినవారిలో, బియ్యపు మిల్లులలో పనిచేసినవారిలో తెలుగువారు మెండు. 1931 జనాభా లెక్కల నాటికి బర్మాలో భారతీయులు పది లక్షలు దాటినారు. రంగూను నగర జనాభాలో సగానికి పైగా వారే. ఆంధ్రుల సంఘాలు, తెలుగు బడులు అక్కడ వెలసినవి.

కాని పొట్టకూటికి వచ్చినవాడు పోటీదారుగా కనబడే దినం కూడ వచ్చినది. 1930 మే మాసంలో రంగూను రేవులో తెలుగు కూలీల సమ్మె, దానివెంట అల్లర్లు జరిగినవి. 1937 ఏప్రిల్ 1న బర్మా భారతదేశం నుండి వేరైనది. ఒకే పాలనలో అటునిటు తిరిగినవారికి నడుమ ఒక సరిహద్దు ఏర్పడినది. 1941లో వలసను అదుపుచేసే ఒప్పందం కుదిరినది. ఆ ఏడాది డిసెంబరులోనే జపాను బాంబులు రంగూనుపై పడినవి. దాదాపు అయిదు లక్షల మంది భారతీయులు ఇల్లు విడిచి స్వదేశానికి బయలుదేరినారు. అడవుల వెంట నడచినవారిలో వేలమంది దారిలోనే ప్రాణాలు విడిచినారు. 1942 ఏప్రిల్ 6న విశాఖపట్నం మీద కూడ బాంబులు పడినవి. రెండు తీరాలను ఒక్క భయమే కమ్మినది.

యుద్ధానంతరం మరల బర్మాకు పోయినవారు అనేకులు. 1948లో ఆ దేశం స్వతంత్రమై పౌరసత్వ చట్టాలు చేసుకొన్నది. పౌరసత్వం పొందనివారు విదేశీయులుగా నమోదు కావలసి వచ్చినది. పుట్టిన ఊరిలోనే పరదేశి అనే చీటీ చేతబట్టుకొని బ్రతకటం ఎట్టిదో అనుభవించినవారికే తెలియును. 1962 మార్చి 2న సైన్యం అధికారం చేజిక్కించుకొన్నది. 1964లో అంగళ్లు జాతీయమైనవి. ఆ ఏడాది మే నెలలో యాభై, నూరు క్యాట్ల నోట్లు చెల్లకుండ పోయినవి. 1965లో ప్రైవేటు పాఠశాలలు ప్రభుత్వపరం అయినవి. పొమ్మనలేక పొగబెట్టినట్లని మనవారనే సామెతకు ఇంతకంటె ఉదాహరణమేల? అంగడి పోయినపుడు తండ్రి కలవరపడినాడు; బడి మారినపుడు కుటుంబమంతా కలవరపడినది. తమ భాష చెప్పే పంతులు లేని చోట తమ పిల్లలకు రేపు అనేది ఉన్నదా అన్న ప్రశ్న ప్రతి ఇంటా పుట్టినది.

అట్లు వచ్చినవారి సంఖ్య రెండు లక్షలకు పైమాటే. వారికై ఓడలు మదరాసులోను, మన విశాఖపట్నంలోను ఆగినవి. ఆ ఓడ దిగిన ఒక పిల్లవానిని ఊహించుకొందము. ఇంట తెలుగు మాటలాడును గాని బర్మా లిపిలో వ్రాయును. తండ్రి చేతిలో నగలు లేవు, ధనం లేదు. బదిలీ పత్రం, పుట్టినతేదీ పత్రం అసలే సందేహం. వాడు ఒక బడి గుమ్మం ముందు నిలిచినపుడు ప్రధానోపాధ్యాయుడు మొదట అడిగే మాట ఏది? “నీ కాగితాలేవి?” అనియా, “నీకు ఏమేమి వచ్చును?” అనియా? ఆ కుటుంబానికి ఈ దేశం స్వదేశమగునా కాదా అన్నది ఆ ఒక్క మాటలో తేలును. రేవులో దిగినంత మాత్రాన ఊరు దొరకదు. హాజరు పట్టికలో బిడ్డ పేరు పిలిచిననాడు దొరకును.

ప్రభుత్వం ఈ సంగతిని కొంత గుర్తించినది. పునరావాస సహాయంలో పిల్లల చదువుకూ చోటు దక్కినది. ఉద్యోగ ప్రకటనలు చదివే అలవాటున్నవారికి ఒక వాక్యం పరిచితమే: 1963 జూన్ 1న గాని, ఆ తరువాత గాని బర్మా నుండి తిరిగివచ్చిన భారత సంతతివారికి వయఃపరిమితిలో సడలింపు కలదని. అనేక సంవత్సరాలు అచ్చయిన ఆ వాక్యంలో ఒక న్యాయముంది: దారిలో పోయిన ఏళ్లను బిడ్డ లెక్కలో వేయరాదని.

ఈ న్యాయాన్నే మరొక దేశపు న్యాయస్థానం మరొక విధంగా చెప్పినది. అమెరికాలో టెక్సాస్ రాష్ట్రం పత్రాలు లేని పిల్లల చదువుకు ధనమీయక నిరాకరింపగా, 1982లో అక్కడి అత్యున్నత న్యాయస్థానం ప్లైలర్ వర్సెస్ డో అనే వ్యాజ్యంలో అది చెల్లదన్నది. తల్లిదండ్రుల చేతలకు బిడ్డలను శిక్షింపరాదన్నది ఆ తీర్పులోని సారం. తొమ్మండుగురిలో అయిదుగురు అటు, నలుగురు ఇటు. అంత సన్నని దారం మీద ఆ హక్కు నిలిచినది. బడులు, ఆసుపత్రుల వద్ద అరెస్టులు చేయరాదన్న పాత మార్గదర్శకాలను అక్కడి ప్రభుత్వం 2025 జనవరిలో రద్దు చేసినది. అంతట పాఠశాలలు తల్లిదండ్రులకు లేఖలు వ్రాసినవి: మీ వలస స్థితిని మేమడగము, న్యాయమూర్తి సంతకమున్న వారంటు లేనిదే లోనికి రానీయము, అత్యవసరంలో బిడ్డను ఎవరికి అప్పగింపవలెనో వ్రాసి ఇవ్వండి. 2025 ఏప్రిల్‌లో లాస్ ఏంజెలెస్‌లో రెండు ప్రాథమిక పాఠశాలలకు అధికారులు వచ్చినారు. వారికి ప్రవేశం నిరాకరింపబడినది. లేఖలో వ్రాసిన మాట గుమ్మం దగ్గర నిలిచినది.

దీనికి విరుద్ధమైన ఉదాహరణం కూడ మన తెలుగువారికి తగిలినదే. అమెరికాలోని మిషిగన్ రాష్ట్రంలో ఫార్మింగ్టన్ విశ్వవిద్యాలయమనే పేరుతో వలస శాఖవారే ఒక బూటకపు సంస్థను నెలకొల్పినారు. 2019 జనవరిలో దాని గుట్టు బయటపడి, అందులో చేరిన విద్యార్థులు నిర్బంధింపబడినారు. 129 మంది భారతీయులు పట్టుబడగా వారిలో తెలుగు యువకులు అనేకులు. చదువు కంటె పని అనుమతి కొరకే చేరినారని ప్రభుత్వమన్నది. వల పన్ని పట్టుటయా అని వారి తరఫువారడిగినారు. ఆ వాదం ఎట్లున్నను ఒకటి మాత్రం నిజం. విద్యాలయమన్న పేరే ఎరగా మారిననాడు, నిజమైన విద్యాలయపు పలుకును కూడ నమ్మేవారు తగ్గిపోదురు.

కనుక బడి ఇచ్చే అభయం తీపి మాటలలో లేదని మా అభిప్రాయం. అది మూడు పనులలో ఉన్నది: అడుగరానిది అడుగకుండుట, తెలిసినది పరులకు చెప్పకుండుట, గుమ్మం ముందు నిలిచిన బిడ్డను వెంటనే కూర్చుండబెట్టుట. 2010 ఏప్రిల్ 1న అమలులోనికి వచ్చిన మన విద్యాహక్కు చట్టం కూడ వయసు పత్రం లేదని బిడ్డను చేర్చుకొనకుండరాదని, బదిలీ పత్రం ఆలస్యమైనదని ప్రవేశం ఆపరాదని చెప్పుచున్నది. పొట్ట చేతబట్టుకొని ఈ ఓడరేవు నగరానికి, ఈ ఉక్కు నగరానికి నేటికీ కుటుంబాలు వచ్చుచునే ఉన్నవి. వారి బిడ్డ మాట తెలియక, కాగితం లేక మన బడి గుమ్మంలో నిలిచినపుడు, ఒకనాడు రంగూను ఓడ దిగి అదే విధంగా నిలిచిన బిడ్డను మనం తలచుకొనవలెను. బర్మా క్యాంపు అనే పేరు చెరగకుండ ఉండుటకు అంతకంటె మంచి కారణం మాకు తోచుట లేదు.