చుక్క చుక్కగా దిగే కాఫీ, ఒకే కుప్పలో పోసిన పంట

ఈపొద్దు పోస్టు కొంచెం పొడుగు. మధ్యాన్నం ఎండకు నీడన కూర్చున్నప్పుడు నిదానంగా చదవండి.

బెంగళూరు, హైదరాబాదులో ఉద్యోగాలు చేసే మన పిల్లోళ్లు పండక్కి ఊరికొస్తే కొత్త మాటలు మాట్లాడుతుంటారు. కోల్డ్ డ్రిప్ అంట, స్పెషాలిటీ కాఫీ అంట. పాలుండవు, చక్కెర ఉండదు, వేడి కూడా ఉండదు. రేటు పడిపోయిన రోజుల్లో మనం ఒక గంప టమాటా అమ్మినా ఆ ఒక్క గ్లాసు డబ్బులు రావు. వినేదానికి నవ్వొస్తుంది గానీ, ఆ గ్లాసు వెనకాల మూడొందల ఏండ్ల రైతు కథ ఉంది. ఎర్రగడ్డలు, టమాటా, పసుపు పండించే మనం తెలుసుకోవాల్సిన కథ అది.

గింజ యాడ నుంచి వచ్చింది

కాఫీ చెట్టు పుట్టిల్లు ఇథియోపియా. అక్కడి నుంచి ఎర్ర సముద్రం దాటి యెమెన్ చేరింది. యెమెన్‌లోని మోఖా రేవు నుంచి ప్రపంచమంతా కాఫీ కొనుక్కునేది. మొలకెత్తే గింజను మాత్రం బయటికి పోనిచ్చేవాళ్లు కాదు. 17వ శతాబ్దంలో బాబా బుడన్ అనే సూఫీ ఫకీరు మక్కా యాత్ర ముగించుకుని వస్తూ ఏడు గింజలు దాచి తెచ్చి, చిక్కమగళూరు దగ్గర కొండల్లో నాటాడని చెప్పుకుంటారు. ఆ కొండలను ఇప్పటికీ బాబా బుడన్‌గిరి అనే పిలుస్తారు.

అట్ల మన దేశంలో నాటుకున్న కాఫీ ఇక్కడితో ఆగలేదు. 1696లో డచ్చి వాళ్లు మలబారు తీరం నుంచి కాఫీ మొక్కలను ఓడలో జావాకు పంపారు. అవి వరదకు పోయాయి. 1699లో మళ్లీ పంపితే బతికాయి. జావా కాఫీ అని లోకమంతా పేరు మోగిపోయిందే, ఆ తోటలకు నారు పోయింది మన దక్షిణాది నుంచే.

సీమకు ఎట్లొచ్చింది

1800లో నిజాం మన జిల్లాలను కంపెనీకి దత్తం చేసినాక మన వ్యాపారం, కోర్టు, కచేరీ అన్నీ మద్రాసు వైపు తిరిగాయి. 1871కి మద్రాసు నుంచి రాయచూరు దాకా రైలు పడింది. రాజంపేట, కడప, ఎర్రగుంట్ల, గుత్తి, ఆదోని మీదుగా పోయే లైను అదే. మద్రాసు అలవాట్లు ఆ దోవనే వచ్చాయి, వాటిలో కాఫీ ఒకటి. ముందు వకీళ్లు, ఉద్యోగులు, టౌను వ్యాపారుల ఇండ్లలోకి వచ్చింది. పల్లెల్లో మాత్రం చానా కాలం పొద్దున్నే సద్ది, మజ్జిగే. ఇంటికి చుట్టమొస్తేనో, పెండ్లి సంబంధం మాట్లాడేటోళ్లు వస్తేనో కాఫీ కాచేవాళ్లు.

మనం తాగిన ఆ కాఫీ యాడ పండిందో, ఏ రైతు పండించాడో ఎవరికీ తెలీదు. పైగా దాంట్లో చికోరీ. అది ఒక దుంప వేరు, వేయించి పొడి కొడితే నల్లగా, చిక్కగా దిగుతుంది. ఇప్పటి చట్టం ప్రకారం కాఫీ-చికోరీ మిశ్రమంలో కాఫీ కనీసం 51 శాతం ఉండాలి. అంటే 49 శాతం దాకా చికోరీ కలిపినా తప్పు కాదు. ఈసారి అంగట్లో కొన్నప్పుడు పొట్లం మీద చిన్న అక్షరాలు చదవండి.

తగలబెట్టిన పంట

ఇది జాగ్రత్తగా చదవండి, మనకు బాగా తెలిసిన బాధే. 1929లో ప్రపంచ మార్కెట్లు కూలిపోయాయి. అప్పటికే బ్రెజిల్‌లో కాఫీ విపరీతంగా పండి గోదాముల్లో పేరుకుపోయి ఉంది. రేటు నిలబెట్టేదానికి అక్కడి ప్రభుత్వం 1931 నుంచి 1944 దాకా కాఫీని కాల్చింది, సముద్రంలో పోసింది. 60 కిలోల బస్తాలు దాదాపు 7 కోట్ల 80 లక్షలు. మన లెక్కలో సుమారు 47 లక్షల టన్నులు. పత్తికొండ దోవలో టమాటా పారబోసిన ఫోటోలు చూసి మనకు కడుపు రగిలిపోతుంది కదా, ఆ రైతులకూ అంతే.

మిగిలిపోతున్న కాఫీని నిల్వ ఉండేట్టు చేయమని బ్రెజిల్ వాళ్లు నెస్లే కంపెనీని అడిగారు. 1938లో నెస్‌కెఫే వచ్చింది, అదే ఇన్‌స్టంట్ కాఫీ. తాగేవాళ్లు పెరిగారు గానీ, అన్ని తోటల గింజ ఒకే కుప్పలో పోసి పొడి చేసేటప్పుడు మంచి గింజకు, నాసి గింజకు తేడా యాడ ఉంటుంది? బాగా పండించిన రైతుకు, ఏదో పండించిన రైతుకు ఒకే రేటు.

బోర్డు కుప్ప

మన దేశంలోనూ ఒక కుప్ప ఉండేది. 1942లో కాఫీ చట్టం కింద కాఫీ బోర్డు గట్టిపడింది. యుద్ధకాలంలో విదేశీ మార్కెట్ పోయి రైతు దివాలా తీయకుండా ఆదుకోవడానికి చేసిన ఏర్పాటు అది. రైతు తన ఇంటి వాడకానికి, విత్తనానికి ఉంచుకుని మిగతా పంటంతా బోర్డు పూల్‌కు ఇవ్వాలి. బోర్డు వేలం వేసి, వచ్చిన డబ్బును విడతలు విడతలుగా రైతుకు ఇచ్చేది. రేటుకు ఒక భరోసా ఉన్న మాట నిజం. కానీ తన తోట గింజను తన పేరుతో అమ్ముకునే హక్కు రైతుకు లేదు.

1962 నుంచి దేశాల మధ్య కాఫీ ఒప్పందం ఒకటి ఉండి, ఎవరెంత ఎగుమతి చేయాలో కోటాలు పెట్టింది. 1989 జులైలో ఆ కోటాలు తెగిపోయాయి, ప్రపంచమంతా కాఫీ రేటు పడిపోయింది. తర్వాత 1990ల మధ్యకల్లా మన దేశంలో పూల్ పద్ధతి ఎత్తేశారు. ఇక రైతు ఎవరికైనా అమ్ముకోవచ్చు. స్వేచ్ఛ వచ్చింది, భరోసా పోయింది. ఈ రెండూ ఒకేసారి చేతికి రావడం అరుదని మనకు యార్డులో రోజూ తెలుస్తూనే ఉంటుంది.

కుప్ప నుంచి వేరు పడిన గింజ

అమెరికాలో ఎర్నా క్నుట్సెన్ అనే ఆమె కాఫీ వ్యాపారంలో ఉండేది. చిన్న చిన్న మూటలుగా వచ్చే మంచి గింజను పెద్ద కంపెనీలు పట్టించుకోవు, ఈమె వాటినే ఏరి అమ్మేది. 1974లో ఒక వాణిజ్య పత్రికలో ఆమె వాడిన మాటే స్పెషాలిటీ కాఫీ. ఆమె చెప్పింది చిన్న విషయం: ఒక్కో నేల, ఒక్కో వాతావరణం గింజకు ఒక్కో రుచి ఇస్తాయి, ఆ రుచిని కలిపేయకుండా కాపాడి అమ్మాలి. ఇప్పుడు శిక్షణ ఉన్నవాళ్లు రుచి చూసి 100కు మార్కులు వేస్తారు. 80 దాటితే స్పెషాలిటీ.

ఈ కథలోకి మన తెలుగు రైతు అరకు దోవన వచ్చాడు. బ్రోడీ అనే ఆంగ్లేయ అధికారి 1898లో తూర్పుగోదావరి మన్యంలోని పాములేరు లోయలో కాఫీ వేయించాడు. 1960ల్లో అటవీ శాఖ విశాఖ మన్యంలో తోటలు పెంచింది. తర్వాత పాడేరు ఐటీడీఏ, గిరిజన సహకార సంస్థ, కాఫీ బోర్డు చేయి కలిపి గిరిజన రైతుల చేతికి ఈ పంటను ఇచ్చాయి. సిల్వర్ ఓక్ నీడన కాఫీ, ఆ చెట్టుకే పాకే మిరియాల తీగ. చిన్న చిన్న కమతాలు.

ముందు వాళ్లు కూడా పండినకాడికి దూసి, ఇంటి ముందర ఎండబోసి, సంతకొచ్చిన దళారికి అమ్మినోళ్లే. మార్పు వచ్చింది కోత దగ్గర, కళ్లం దగ్గర. ఎర్రగా పండిన పండునే చేత్తో ఏరడం, అందుకోసం ఒకే చెట్టుకు మూడు నాలుగు సార్లు పోవడం. అదే రోజు తొక్క తీయడం, నేలమీద కాకుండా ఎత్తు మంచెల మీద ఆరబెట్టడం, ఏ ఊరి గింజ ఆ ఊరిదే వేరుగా ఉంచడం. ఐదారు కిలోల పండ్లకు ఒక కిలో గింజ వస్తుంది, వేయిస్తే అందులోనూ ఆరో వంతు దాకా తగ్గుతుంది. ఇంత కష్టానికి విలువ రావాలంటే కుప్పలో కలపకూడదు.

నాంది ఫౌండేషన్ గిరిజన రైతుల సహకార సంఘంతో కలిసి చేసిన పని వల్ల 2017లో పారిస్ నగరంలో అరకు పేరుతో కాఫీ అంగడి తెరిచారు. 2018లో అక్కడి పోటీలో అరకు కాఫీకి బంగారు పతకం వచ్చింది. 2019లో అరకు వ్యాలీ అరబికాకు భౌగోళిక గుర్తింపు దక్కింది. అంతమాత్రాన మన్యంలో ప్రతి ఇంటికీ కష్టం తీరిపోయిందని నేననను. సంఘంలో చేరనోళ్లు, దళారికే అమ్మేటోళ్లు ఇప్పటికీ ఉన్నారు. కానీ అడిగేటోడు పేరు పెట్టి అడుగుతున్నాడు, తేడా అదే.

ఇంక చల్లని నీళ్ల సంగతి

జపానులో చల్లని నీళ్లను కాఫీ పొడి మీద చుక్క చుక్కగా వదిలి దించే పద్ధతి ఎప్పటి నుంచో ఉంది. దాన్ని వాళ్లు డచ్ కాఫీ అంటారు. జావా నుంచి వచ్చే డచ్చి నావికుల అలవాటని కథ చెప్తారు. క్యోటో ఊరి కాఫీ అంగళ్లలో మనిషంత ఎత్తు గాజు గొట్టాలతో ఇది పేరు తెచ్చుకుంది. అమెరికాలో 1964లో టాడ్ సింప్సన్ అనే ఇంజినీరు పొడిని చల్లని నీళ్లలో రాత్రంతా నానబెట్టే పాత్ర తయారుచేశాడు. దాని పేరు టాడీ. మన కల్లు కాదులెండి.

వేడి నీళ్లు చేదును, పులుపును గబగబా లాగేస్తాయి. చల్లని నీళ్లు నిదానంగా, తక్కువగా లాగుతాయి. పాలు, చక్కెర, చికోరీ ఏవీ లేవు కాబట్టి గింజ మంచిదైతే మంచిదని, బూజు పట్టిందైతే బూజని నాలుకకు తెలిసిపోతుంది. అందుకే స్పెషాలిటీ గింజకు ఈ పద్ధతి బాగా కలిసొచ్చింది.

ఇంట్లో చేసుకోవాలంటే పెద్ద సామాన్లు అక్కర్లేదు. చికోరీ కలపని కాఫీ పొడి 50 గ్రాములు, ఉప్మా రవ్వంత బరకగా ఉండాలి. మన స్టీలు ఫిల్టరు పై గిన్నెలో పోసి, మూడు నాలుగు చెంచాల నీళ్లతో తడపండి. పైన గుండ్రంగా కత్తిరించిన పలుచని శుభ్రమైన గుడ్డ పరచండి, లేకుంటే చుక్క పడిన చోటే గుంత పడుతుంది. అర లీటరు నీళ్ల సీసాను తలకిందులుగా కట్టి, అడుగున గాలికి చిన్న రంధ్రం పెట్టి, మెడికల్ షాపులో దొరికే కొత్త సెలైన్ సెట్టు బిగించండి. నిమిషానికి 40 చుక్కలు. ఆ సెట్టులో 20 చుక్కలు ఒక మిల్లీలీటరు, అంటే గంటకు 120 మిల్లీలీటర్లు. నాలుగు గంటలకు కొంచెం పైన పడుతుంది. పొడి పీల్చుకున్నది పోను 400 మిల్లీలీటర్ల డికాక్షన్ దిగుతుంది. అంతే చల్లని నీళ్లు కలుపుకుని తాగండి.

డ్రిప్పు గురించి మీకు నేను చెప్పాల్సిన పని లేదు. చీనీ చెట్టుకు గంటకు 4 లీటర్లు వదులుతాం, ఇక్కడ గ్లాసు కూడా కాదు. ఎక్కువ వదిలితే నీళ్లు వేరుకు అందకుండా కిందికి పోయినట్టే, ఇక్కడ కూడా పలుచగా జారిపోతుంది. చేలో వాడిన మైక్రో ట్యూబులు మాత్రం తెచ్చి పెట్టొద్దు, వాటిలో యాసిడ్, ఎరువులు పారుంటాయి. బోరు నీళ్లు ఉప్పగా ఉంటే రుచి చచ్చిపోతుంది, క్యాను నీళ్లు వాడండి. మన ఎండాకాలం వేడికి బయట పెడితే పులిసిపోతుంది కాబట్టి సీసాలో సగం ఐసు వేయండి, దిగినాక ఫ్రిజ్‌లో పెట్టి మూడు రోజుల్లో తాగేయండి. ఇదంతా ఎందుకనుకుంటే లీటరు నీళ్లలో 80 గ్రాముల పొడి వేసి ఫ్రిజ్‌లో 14 గంటలు ఉంచి గుడ్డతో వడగట్టుకున్నా సరిపోతుంది. చల్లగా ఉన్నా కాఫీ కాఫీనే, రాత్రి తాగితే నిద్ర పట్టదు.

మనకేంటి ఇందులో

ముందు ఒక హెచ్చరిక. అరబికా కాఫీకి వెయ్యి మీటర్ల ఎత్తు, 15 నుంచి 25 డిగ్రీల చల్లదనం, 1600 మి.మీ. పైన వాన కావాలి. మనకు ఏడాదికి 700 మి.మీ. పడితే గొప్ప. కర్నూలు, కడపల్లో కాఫీ పండిస్తామని మొక్కలు అమ్మేటోడు ఎవడొచ్చినా వాకిలి దాటనీయొద్దు.

మనం నేర్చుకోవాల్సింది కాఫీ పంట కాదు, కాఫీ రైతు చేసిన పని. మన దగ్గరే సాక్ష్యం ఉంది. 2020 సెప్టెంబరులో కేంద్రం ఎర్రగడ్డల ఎగుమతి ఆపేసింది. అక్టోబరులో బెంగళూరు రోజ్ గడ్డకు, మన కృష్ణాపురం గడ్డకు విడిగా 10 వేల టన్నుల చొప్పున చెన్నై రేవు నుంచి పంపుకునేదానికి అనుమతి ఇచ్చింది. కృష్ణాపురం గడ్డకు వేరే పేరు, వేరే గుర్తు ఉన్నాయి కాబట్టే ఆ తలుపు తెరుచుకుంది. కర్నూలు యార్డుకు పోయే మిగతా గడ్డకు ఆ పేరు లేదు. బనగానపల్లె మామిడికి 2017లో భౌగోళిక గుర్తింపు వచ్చింది, కానీ ఆ పేరు రాసిన పెట్టెలో మన ఊరి కాయ ఎన్నిసార్లు పోతోంది? కాగితం ఒకటే చాలదు. ఏరడం, ఆరబెట్టడం, వేరుగా ఉంచడం, నలుగురు కలిసి ఒకే తీరుగా అమ్మడం, ఇవి ఉంటేనే పేరుకు రేటు.

ఊరంతా ఒక్కసారిగా మారాల్సిన పని లేదు. ఈ ఏడు పసుపు వండేటప్పుడు పది మంది కొమ్ములు ఒకే తీరుగా ఉడికించి, పట్టాల మీద ఆరబెట్టి, సైజు వారీగా ఏరి, పది మూటలు విడిగా ఉంచి చూడండి. మిగతాది ఎప్పటి మాదిరే యార్డుకు వేయండి. ఆ పది మూటలకు ఎవరు ఎంత అడిగారో రాసిపెట్టండి. రేటులో తేడా వస్తే వచ్చే ఏడు ఇరవై మూటలు. రాకపోతే పోయేది నాలుగు రోజుల పని.

మీ ఊర్లో ఏ పంటను ఇట్ల వేరుగా అమ్మొచ్చో కింద రాయండి. ఎవరైనా ఇప్పటికే చేస్తుంటే లెక్కలతో సహా చెప్పండి, నలుగురికీ పనికొస్తుంది.