ఉమ్మడి కోడ్ – రిపాజిటరీ హద్దులు: చారిత్రక పరిశీలన

ఉపోద్ఘాతం:

ఒకే సంస్థ రూపొందించే పలు అనువర్తనాలు కొంత కోడ్‌ను ఉమ్మడిగా వాడుకోవడం సర్వసాధారణం. ఆ కోడ్‌ను ప్రతి అనువర్తనంలోకీ నకలు చేసుకుంటే తాళపత్ర ప్రతులలో వలె పాఠాంతరాలు పుడతాయి. ఒక ప్రతిలో సరిదిద్దిన దోషం మరొక ప్రతిలో నిలిచే ఉంటుంది. అందువల్ల ఉమ్మడి కోడ్‌కు ఒకే మూలప్రతి అవసరం. అది అనువర్తనాలతో పాటు ఒకే రిపాజిటరీలో ఉండాలా, వేరుగా ఉండాలా అన్నది వెర్షన్ కంట్రోల్ చరిత్రలో పదేపదే ఎదురైన ప్రశ్న.

పరిణామ క్రమం:

1972లో బెల్ ల్యాబ్స్‌లో మార్క్ రోచ్‌కైండ్ రూపొందించిన ఎస్‌సీసీఎస్, 1980వ దశకంలో వాల్టర్ టిచీ రూపొందించిన ఆర్‌సీఎస్ ఒక్కొక్క ఫైలు చరిత్రను విడివిడిగా భద్రపరిచాయి. తరువాతి సీవీఎస్ ఫైళ్లను సముదాయంగా అందించినా చరిత్రను ఫైలు వారీగానే ఉంచింది. 2004లో 1.0 వెర్షన్‌గా వెలువడిన సబ్‌వర్షన్ రిపాజిటరీ మొత్తానికీ ఒకే సవరణ సంఖ్యనిచ్చింది. దీనితో ఉమ్మడి కోడ్‌లోని మార్పును, తదనుగుణంగా అనువర్తనాలలో చేసే మార్పులను ఒకే కమిట్‌లో నమోదు చేయడం సీవీఎస్ వాడుకరులకు సాధ్యమైంది.

2005లో లినస్ టోర్వాల్డ్స్ లినక్స్ కెర్నెల్ కోసం గిట్‌ను రూపొందించారు. ఇందులో రిపాజిటరీ పూర్తి చరిత్ర సాధారణంగా ప్రతి ప్రోగ్రామర్ యంత్రంలోకీ చేరుతుంది. కనుక పరిమాణం పెరిగేకొద్దీ రిపాజిటరీని విభజించవలసిన ఒత్తిడి ఏర్పడింది. 2007లో వచ్చిన సబ్‌మాడ్యూల్ ఈ విభజనకు వీలు కల్పించింది. అనువర్తనపు రిపాజిటరీలో ఉమ్మడి కోడ్‌కు బదులు, దాని ఫలానా కమిట్‌ను చూపే సూచన మాత్రమే ఉంటుంది. ఆ సూచనను నవీకరించేంతవరకు పాత పాఠమే అమలులో ఉంటుంది.

రెండు మార్గాలు:

గూగుల్ విధానాన్ని రేచల్ పాట్విన్, జాష్ లెవెన్‌బర్గ్ 2016లో వివరించారు. 2015 జనవరి నాటికి ఆ సంస్థ ప్రధాన రిపాజిటరీలో సుమారు 200 కోట్ల కోడ్ పంక్తులున్నాయి. అంతటి పరిమాణానికి పైపర్ అనే సొంత వ్యవస్థను నిర్మించుకోవలసి వచ్చింది. అదే సంస్థకు చెందిన ఆండ్రాయిడ్ మాత్రం అనేక గిట్ రిపాజిటరీలుగా విస్తరించింది. మైక్రోసాఫ్ట్ 2017 నాటికి దాదాపు 300 గిగాబైట్ల విండోస్ కోడ్‌ను ఒకే గిట్ రిపాజిటరీలోకి తెచ్చింది. ఇందుకు ప్రత్యేక ఫైల్ వ్యవస్థను రూపొందించుకుంది.

ముగింపు:

ఒకే రిపాజిటరీలో మార్పు భారం మార్చినవారిపై, మార్చిన రోజునే పడుతుంది. వేర్వేరు రిపాజిటరీలలో అది వాడుకునేవారిపైకి వాయిదా పడుతుంది. సాధనాలు ఎన్ని మారినా ఈ భారం తొలగలేదు, చేతులు మారింది. ఉమ్మడి కోడ్‌లో భద్రతా దోషాన్ని సరిదిద్దినప్పుడు ఈ తేడా స్పష్టమవుతుంది. సూచనను నవీకరించే బాధ్యత ఎవరిదో తేలనిచోట, ఆ దోషం ఏదో ఒక అనువర్తనంలో సజీవంగానే ఉంటుంది.