ఆంధ్రక నికాయముల చిత్తవిచారము – ఆధునిక మనోవిజ్ఞానము

జనగామకు ఆగ్నేయమున, సూర్యాపేటకు పోవు మార్గమునకు చేరువలో ఫణిగిరి గుట్ట కలదు. అచ్చటి బౌద్ధారామమున లభించిన స్తంభశాసన మొకటి ఇక్ష్వాకురాజగు రుద్రపురుషదత్తుని 18వ పాలనవర్షమునకు చెందినది. ధర్మచక్రమును ప్రతిష్ఠించినవాడు ప్రధానవైద్యుడని దానివలన తెలియుచున్నది. మహబూబాబాదుకు దక్షిణమున నేలకొండపల్లి స్తూపమును, భూపాలపల్లికి పడమట ధూళికట్ట స్తూపమును కలవు. 2016 అక్టోబరు 11న ఏర్పడిన ఈ మూడు జిల్లాల వారికి బౌద్ధము దూరదేశపు వార్త కాదు. ఒక వైద్యుని దానమునుబట్టి ఆనాటి వైద్యమునకును బౌద్ధ చిత్తవిచారమునకును సంబంధమును కల్పించుట మాత్రము తగదు. అట్టి ఊహకు పోక, గ్రంథస్థమైన సాక్ష్యమును పరిశీలించుటయే ఈ వ్యాసోద్దేశము.

బౌద్ధమునకును విజ్ఞానశాస్త్రమునకును నడుమ సాగుచున్న సంవాదమును గూర్చి వ్రాయువారు సాధారణముగా 1987 అక్టోబరుతో ఆరంభింతురు. ఆ మాసమున ధర్మశాలలో దలైలామాయు, చిలీ దేశీయుడగు జీవశాస్త్రజ్ఞుడు ఫ్రాన్సిస్కో వరేలా మున్నగువారును సమావేశమైరి. ఈ సంవాదమున టిబెట్టు సంప్రదాయమునకు ప్రాముఖ్యము కలిగినది. కాని చిత్తస్వరూపమును గూర్చి తెలుగుదేశపు నికాయములు లేవదీసిన వివాదములును ఇందు స్మరింపదగియున్నవి.

వీనికి ముఖ్యాధారము పాళిలోని కథావత్థువు. మూలమున ప్రతిపక్షుల పేర్లు లేవు. బుద్ధఘోషునిదిగా ప్రసిద్ధమైన అట్ఠకథ వానిని తెలుపుచున్నది. పూర్వశైలీయులు, అపరశైలీయులు, రాజగిరికులు, సిద్ధార్థికులు అను నలువురిని అది 'అంధకు'లని వ్యవహరించినది. అపరమహావినశైలీయుల పేరు నాగార్జునకొండ శాసనములందును కానవచ్చుచున్నది. ఈ నికాయముల వాదములు మనకు ప్రధానముగా వానిని ఖండించినవారి వ్రాతలనుండియే లభించుచున్నవను సంగతిని పరిశోధకుడు మరువరాదు.

మొదటి వివాదము చిత్తస్థితిని గూర్చినది. ధ్యానసమాపత్తియందును, భవంగమను అంతర్లీనస్థితియందును చిత్తము ఎడతెగక ప్రవర్తించుటను చూచి, ఒకే చిత్తము చిరకాలము నిలుచునని ఆంధ్రకులు తలంచిరి. థేరవాదులు దీని నంగీకరింపలేదు. దీపజ్వాల ఒక్కటిగా తోచినను అది క్షణక్షణమును వేరైనట్లే, చిత్తమును క్షణికమని వారి మతము. ఇచట ప్రశ్న సూక్ష్మమైనది: అనుభవమునకు తోచు అవిచ్ఛిన్నత చిత్తము యొక్క లక్షణమా, లేక విడివిడి క్షణముల కూర్పువలన కలుగు ఆభాసమా?

ఈ ప్రశ్న నేటికిని తీరలేదు. 1890లో విలియం జేమ్సు తన మనశ్శాస్త్ర గ్రంథమున ఆలోచనను ప్రవాహముతో పోల్చెను. 2016లో మైకేల్ హెర్జోగ్ మున్నగువారు వేరొక మతమును ప్రతిపాదించిరి. మెదడు ఎరుక లేకయే విషయమును సంస్కరించుననియు, దాదాపు 400 మిల్లీసెకన్ల వరకు జరుగు ఆ సంస్కారము ముగిసిన పిమ్మట దాని ఫలితము ఒక్కపెట్టున స్పృహకు వచ్చుననియు వారి వాదము. ఇది థేరవాదమునకు జయమని చెప్పుట పొరపాటు. అభిధర్మములోని క్షణము శాస్త్రవిచారమున సిద్ధాంతీకరింపబడినది. ప్రయోగశాలలోని మిల్లీసెకను యంత్రముచే కొలువబడినది. రెండును ఒకే కొలత కావు.

రెండవ వివాదము మనస్కారమును, అనగా అవధానమును గూర్చినది. సర్వసంస్కారములును అనిత్యములను వాక్యమునుబట్టి, సమస్తమును ఒకేసారి మనస్కరింపవచ్చునని పూర్వాపరశైలీయులు చెప్పిరి. అట్ఠకథ ఇచట విలువైన భేదమును చూపినది. కొన్నిటి అనిత్యత్వమును కని సర్వమునట్టిదేయని నిశ్చయించుట ఒక పద్ధతి. ప్రతి విషయమును ఎదుట నుంచుకొనుట వేరొకటి. మొదటిది సాధ్యమే. రెండవదానియందు మాత్రము, వర్తమానమును మనస్కరించుచున్న చిత్తము ఆ క్షణముననే తన్ను తాను మనస్కరింపజాలదని థేరవాదుల పక్షము.

అవధానమునకు గల హద్దును ఆధునికులు ప్రయోగముచే చూపిరి. వడివడిగా చూపబడు అక్షరములలో రెండు లక్ష్యములను గుర్తింపవలసివచ్చినపుడు, మొదటిదాని వెనుక దాదాపు అరసెకనులోపల వచ్చు రెండవది తరచుగా తప్పిపోవును. దీనికి 1992లో 'అవధానపు రెప్పపాటు' అను అర్థమిచ్చు పేరిడిరి. 2007లో హెలీన్ స్లాగ్టర్, రిచర్డ్ డేవిడ్సన్ మున్నగువారు ప్రకటించిన పరిశోధనయందు, మూడు మాసములు తీవ్రముగా విపశ్యన నభ్యసించిన 17 మందికి ఈ లోపము తగ్గెను. క్రొత్తగా స్వల్పశిక్షణ పొందిన 23 మందితో వారిని పోల్చిరి. హద్దు కలదు, అభ్యాసముచే అది కొంత జరుగును. కాని సర్వమును ఒక్కసారి గ్రహింపవచ్చునను శైలీయుల మాటకు ఇది ప్రమాణము కాదు.

కావున మన పూర్వులు సమస్తమును ముందే కనుగొనిరని గర్వించుటకు ఇందు తావు లేదు. శైలీయులు సాధించినదానికన్న అడిగినది గొప్పది. వారి పక్షమును ఖండించుటకై ప్రతిపక్షులు దానిని శ్రద్ధతో వ్రాసియుంచిరి. ఆ శ్రద్ధవలననే అది మనవరకు వచ్చినది. బౌద్ధుని లక్ష్యము దుఃఖనివృత్తి, శాస్త్రజ్ఞుని లక్ష్యము కారణనిర్ణయము. ఈ భేదమును మరుగుపరచిన సంవాదము స్తోత్రమగును కాని విచారము కాజాలదు.

కథావత్థువునందును, దాని అట్ఠకథయందును చెదరియున్న ఆంధ్రకుల చిత్తవాదములను ఖండనలతో సహా ఒకచోట కూర్చి, తెలుగున వివరించుట చేయదగిన పని. పాళి నెరిగినవారును, మనశ్శాస్త్రము నెరిగినవారును కలసి పూనుకొనిన గాని అది నెరవేరదు. ఫణిగిరికి సమీపమున చదువుకొనుచున్న పరిశోధక విద్యార్థులే దీనికి మొదట పూనుకొందురు గాక.