నిప్పు డబ్బీలో నల్లగుడ్డ

మా పాత ఇంటి దూలం మీద చిన్న ఇత్తడి డబ్బీ ఒకటి ఉండేది. ముక్కుపొడి డబ్బీ అనుకునేవాళ్ళం. "పొడి డబ్బీ కాదురా, మీ ముత్తాత నిప్పు డబ్బీ" అని అవ్వ చెప్పినాకే మాకు తెలిసింది. లోపల ఒక చెకుముకి రాయి, వంకర తిరిగిన ఉక్కు ముక్క ఉన్నాయి. ఉండాల్సిన మూడోది, నల్లగుడ్డ, లేదు.

రాయిలోంచి నిప్పు వస్తుందని అందరూ అంటారు. నిజానికి రాతి అంచు ఉక్కును గీరితే రాలే సన్నటి ఉక్కు రజను, గాలి తగిలి మండుతుంది. ఆ రవ్వ మామూలు గుడ్డ మీద పడితే ఆరిపోతుంది. గాలి అందకుండా మాడ్చిన నూలుగుడ్డ మీద పడితే మాత్రం ఎర్రగా పాకుతుంది. మంట రాదు. దాన్ని కొబ్బరి పీచులో పెట్టి ఊదితే అప్పుడు అంటుకుంటుంది.

ఇంగ్లాండులో జాన్ వాకర్ 1826లో గీస్తే మండే అగ్గిపుల్ల కనిపెట్టాడు. మా కోవిల్‌పట్టికి దగ్గరలోనే ఉన్న శివకాశి నుంచి అయ్య నాడార్, షణ్ముగ నాడార్ కలకత్తా పోయి ఆ పని నేర్చుకొని వచ్చి, 1923లో ఊళ్ళో అగ్గిపెట్టెల తయారీ మొదలుపెట్టారు. తర్వాత ఆ పని మా చుట్టుపక్కల ఊళ్ళకూ పాకింది. మా ఇండ్లల్లోనూ అరవంలో లాగా 'తీపెట్టి' అనడం అలవాటైంది. ఇంక నల్లగుడ్డతో పనేముంది?

పోయిన సంక్రాంతికి అందరం ఊళ్ళో కలిసినప్పుడు ఆ గుడ్డ చేసి చూద్దామనుకున్నాం. మూత గట్టిగా పట్టే రేకు డబ్బాకు మేకుతో ఒక చిన్న బొక్క పెట్టి, పిల్లల పాత చొక్కా ముక్కలు వేసి, పెరట్లో బొగ్గుల మీద పెట్టాం. తెరిస్తే అంతా కరిగి ముద్దయింది. అది పాలిస్టర్ కలిసిన బట్ట. బీరువాలన్నీ వెదికాం. తరతరాలుగా నల్లరేగడిలో పత్తి పండించిన ఇంట్లో అచ్చమైన నూలుగుడ్డ ఒక్కటీ కనబడలేదు!

చివరికి అవ్వే తన పెట్టె తెరిచి, తాత పంచె అంచు చింపి ఇచ్చింది. ఈసారి బొక్కలోంచి పొగ ఆగిందాకా ఉంచాం. దించి, బొక్క మూసేసి, బాగా చల్లారినాకే తెరిచాం. వేడిగా ఉండగా తెరిస్తే గాలి తగిలి బూడిదవుతుంది. నల్లగా, నలిగిపోకుండా వచ్చాయి ముక్కలు. పదో పన్నెండో దెబ్బకి రవ్వ అంటుకుంది. అవ్వే ఊదింది.

మన చెకుముకిని పక్కింటి అరవవాళ్ళు సిక్కిముక్కి అంటారు. ఉర్దూలో చక్మక్. టర్కీలో ఈనాటికీ లైటరును చక్మక్ అనే అంటారు. మనలాగే ఆ మాట కూడా ఎక్కడినుంచో నడిచొచ్చి ఇక్కడ నిలిచింది. మా పిల్లలకు తెలుగు చదవడం రాదు, ఇంట్లో మాట్లాడేదే వాళ్ళ తెలుగు. ఆ రోజు చెకుముకి అనే మాట వాళ్ళ నోట పలికింది.

మిగిలిన నాలుగు ముక్కలూ ఇప్పుడు ఆ ఇత్తడి డబ్బీలోనే ఉన్నాయి. మీ ఇండ్లల్లో ఈ గుడ్డని ఏమనేవాళ్ళో పెద్దవాళ్ళని అడిగి మాకు చెప్పండి.