బాలుర వేసవి శిబిరములు – వాటి సన్నాహ చరిత్ర

మనకు వేసవి యనగా నీడ వెదకుకొను కాలము. ఎండలు ముదిరినవని బడులు మూయుదుము. పిల్లవాడు మిట్టమధ్యాహ్నము గడప దాటిన వడదెబ్బ తగులునని తల్లి తలుపు గడియ వేయును. అమెరికా సంయుక్త రాష్ట్రముల ఈశాన్య భాగమున, న్యూ ఇంగ్లండు అని పిలువబడు ప్రాంతమున, సంగతి దీనికి పూర్తిగా విరుద్ధము. అచటి ఉత్తరపు సరస్సులు శీతకాలమున రాయివలె గడ్డకట్టును. వాటిపై గుఱ్ఱములు బండ్లు లాగుకొని పోవుచుండెడివి. వేసవి అచట పిలిచినగాని రాని చుట్టము వంటిది; వచ్చి నాలుగు నాళ్లుండి వెడలిపోవును. జూను మాసమున బడులు మూసి సెప్టెంబరు మొదట తెరతురు. ఆ నడుమనున్న వారములలో బాలురను ఏమి చేయవలెనను ప్రశ్న పందొమ్మిదవ శతాబ్ది ఉత్తరార్ధమున అచటి ఉపాధ్యాయులను, క్రైస్తవ యువజన సంఘములవారిని, తుదకు కళాశాల విద్యార్థులను సైతము ఆలోచింపజేసినది. దానికి వారు కనుగొనిన సమాధానమే బాలుర వేసవి శిబిరము. శిబిరమునందలి ఆటపాటలను వర్ణించుట నా ఉద్దేశము గాదు. ఆ ఆటపాటలకు ముందు నడచిన పని యెట్టిది, ఆ పని యెవరు చేసిరి, దానివలన ఏమి తేలినది – ఇదియే ఈ వ్యాసమునకు విషయము.

మొదటివాడుగా చెప్పదగినవాడు ఫ్రెడరిక్ విలియం గన్ అను ఉపాధ్యాయుడు. ఈయన కనెక్టికట్ రాష్ట్రమున వాషింగ్టన్ అను చిన్న గ్రామమందు 1850లో ఒక పాఠశాల నెలకొల్పెను. బానిసత్వమును బాహాటముగా ఖండించినందున స్వగ్రామమునందే ద్వేషమునకు గురియైన ధీరుడాయన. 1861లో అంతర్యుద్ధము ఆరంభమయ్యెను. ఎచట చూచినను సైనికుల కవాతులే. బాలురును తమకు డేరాలు కావలెననియు, నేలపై పరుండెదమనియు పట్టుపట్టిరి. వేరొకడైనచో బెత్తము తీసియుండును. గన్ మాత్రము ఆ యుత్సాహమును పాఠముగా మలచుకొనెను. డేరాలు, వంటసామగ్రి బండ్ల కెక్కించి, బాలురను వెంటనిడుకొని, సుమారు 40 మైళ్లు నడిపించి, సముద్రతీరమున మిల్‌ఫర్డ్ వద్ద విడిది చేయించెను. గన్ గారి సతీమణి ఎబిగెయిల్ గూడ వెంట నడచిన సంగతి మరువరాదు. ఇట్టి కార్యములలో ఇల్లాండ్ర శ్రమ చరిత్రకు సామాన్యముగా ఎక్కదు. ఈ ప్రయాణము 1863లోను, 1865లోను మరల జరిగినది. తరువాత వారమాగ్ అను సరస్సు తీరమునకు శిబిరము మారినది.

సమ్నర్ డడ్లీ అను యువజన సంఘ కార్యకర్త 1885లో న్యూయార్కు రాష్ట్రమునందలి ఆరెంజి సరస్సు వద్దకు ఏడుగురు బాలురను తీసికొనిపోయెను. బయలుదేరుటకు ముందు బాలురు జుట్టు మిక్కిలి కురచగా కత్తిరించుకొనిరి; ఆ కారణమున దానికి 'బట్టతల శిబిరము' అను ముద్దుపేరు వచ్చినది. తిరుపతి కొండ దిగివచ్చిన పిల్లల గుంపు మనకు జ్ఞప్తికి రాకమానదు! డడ్లీ 1897లో మరణించెను. పిమ్మట ఆయన పేరనే వెలసి, షాంప్లేన్ సరస్సు తీరమున స్థిరపడిన ఆ శిబిరము నేటికిని నడచుచున్నది. అందు చేరిన ప్రతి బాలునకు వరుసగా నొక సంఖ్య నిత్తురు. అది వానికి జీవితాంతము నిలుచును.

అయినను సన్నాహమును గూర్చి నిజముగా ఆలోచించినవాడు ఎర్నెస్టు బాల్చ్. 1881 నాటికి ఈయన డార్ట్‌మత్ కళాశాలలో విద్యార్థి. ఆ కాలమున సంపన్న కుటుంబములు వేసవిలో కొండలయందును సరస్సుల యొడ్డునను గల పెద్ద హోటళ్లలో నెలల తరబడి బస చేయుచుండెడివి. అచట పిల్లవానికి బూటు తుడుచుటకు ఒకడు, పళ్లెము తెచ్చుటకు ఒకడు, పడవ నడుపుటకు ఒకడు. పిల్లవాడు చేయవలసిన పని యొక్కటియు లేదు. ఈ సోమరితనము వారిని లోలోపల తినివేయుచున్నదని బాల్చ్‌కు తోచెను. న్యూ హాంప్‌షైర్ రాష్ట్రమున స్క్వామ్ అను సరస్సు కలదు. నాడు దానిని ఆస్క్వామ్ అనియు పిలిచెడివారు. అందొక చిన్న ద్వీపము. దానికి చొకోరువా అని పేరిడి, మొదటి వేసవిని ఐదుగురు బాలురతో ఆరంభించెను.

ఆ శిబిరమునకు మూలనియమ మొక్కటి: నౌకరు ఉండరాదు. వంట, పాత్రలు తోముట, ఆవరణము శుభ్రపరచుట, అన్నియు బాలురే చేయవలెను. వారిని నాలుగు జట్లుగా విభజించి, దినమునకు మూడు జట్లకు పని, ఒక జట్టుకు విశ్రాంతి వరుసగా కల్పించిరి. కోటీశ్వరుని కుమారుడైనను తన వంతు వచ్చిననాడు మసిగిన్నె పట్టుకొని సరస్సులో దిగి ఇసుకతో తోమవలసినదే. గుడిసెలను సైతము బాలురును, వారిని పర్యవేక్షించు కళాశాల యువకులును కలసి కట్టుకొనిరి.

డబ్బు విషయమున బాల్చ్ చేసిన యేర్పాటు నాకు మరింత ముచ్చటగా తోచును. తండ్రి యెంత ధనవంతుడైనను బాలునకు వారమునకు 25 సెంట్లు మాత్రమే చేతిఖర్చు. అంతకు మించి కావలసినచో సంపాదించుకొనవలెను. ఎట్లు? శిబిరమునందు వంతుపనులు గాక అదనముగా కావలసిన నిర్మాణములుండును. వాటిని బాలురకు కాంట్రాక్టులుగా ఇచ్చెడివారు. బాలురు తమలో తాము కంపెనీలుగా ఏర్పడి, ధర కట్టి, పాట పాడి, పని దక్కించుకొని, కూలి తీసికొనెడివారు. ఆ సొమ్ము దాచుకొనుటకు శిబిరమునందే ఒక బ్యాంకు, తీసికొనుటకు చెక్కులు. లెక్క తప్పినవాడు నష్టపోయెడివాడు. అనగా ఋతువునకు కావలసిన సన్నాహము పెద్దలు ముందుగా చేసిపెట్టిన విందు గాక, పిల్లలే ఆరునూరైనను పూర్తి చేయవలసిన కార్యమైనది. ఇందొక చిక్కు లేకపోలేదు. శ్రమను గౌరవింప నేర్పవలెనన్న శిబిరమున కూలిని, పోటీని, కంపెనీలను ప్రవేశపెట్టుట యుక్తమా యని అడుగువారుందురు. పెద్దల లోకమునందలి వ్యాపారమునే చిన్నదిగా చేసి చూపిరని యనవచ్చును. అయినను తండ్రి సొమ్మునకు అచట చెల్లుబాటు లేకుండుట చిన్న సంగతి గాదు. ఆ శిబిరము 1889తో ముగిసినది. దాని నమూనా మాత్రము ముగియలేదు. బాలురు ద్వీపముపై చెట్ల నడుమ కప్పులేని ప్రార్థనా స్థలమొకటి కట్టుకొనిరి. నేటికిని వేసవి ఆదివారములందు జనులు పడవలపై అచటికి పోవుచున్నారు.

శిబిరములు పెరిగి, శాశ్వత కట్టడములు వెలసిన పిదప సన్నాహము ఏడాది పొడవునను సాగు వ్యవసాయమైనది. దీనిలో మనకు వింతగా తోచునది మంచు కోత. జూలైలో పాలు, మాంసము చెడకుండ నిలువవలెనన్న జనవరిలోనే పని మొదలిడవలెను. సరస్సుపై మంచు అడుగు మందమునకు పేరుకొనిన తరువాత గీతలు గీసి, పొడవైన రంపములతో దిమ్మలుగా కోసి, కొక్కెముల కఱ్ఱలతో లాగి, గుఱ్ఱపు బండ్లపై మంచుకొట్టునకు చేర్చెడివారు. దిమ్మల చుట్టును పైనను దట్టముగా రంపపుపొట్టు కప్పెడివారు. మనము ధాన్యము పాతరవేసిన తీరుననే వారు చలికాలమును పాతరవేసిరి! గాలి చొరకుండ కప్పిన ఆ మంచు ఆగస్టు వరకును నిలిచెడిది. ఈ పని చేసినవారు సాధారణముగా ఆ చుట్టుపట్ల రైతులు. చలికాలమున పొలము పని యుండదు గనుక వారికి నాలుగు డబ్బులు చేతబడెడివి. పట్టణపు బాలుడు జూలై మధ్యాహ్నమున త్రాగిన చల్లని పాల వెనుక, జనవరి వేకువన వ్రేళ్లు కొంకర్లు పోయిన ఒక రైతు ఉన్నాడు.

వసంతమున మంచు కరిగిన వెంటనే తక్కిన పనులు వచ్చిపడును. శరదృతువున నీటిగొట్టములు ఖాళీచేసి వదలిరి. లేనిచో లోపలి నీరు గడ్డకట్టి గొట్టములు పగులును. వాటిని మరల కలుపవలెను. గదులలో ఎలుకలు పరుపులను చీల్చి గూళ్లు పెట్టియుండును. కప్పులు బాగుచేయవలెను. పడవలకు కట్టిన కాన్వాసు గుడ్డ చిరిగినచోట అతుకువేసి రంగు పూయవలెను. స్నానఘట్టమునందలి చెక్క వేదికలను మంచు నలగగొట్టకుండ చలికాలమునకు ముందే ఒడ్డునకు లాగియుంతురు. వాటిని మెడలోతు చన్నీటిలో నిలిచి మరల దింపవలెను. ఇదంతయు మేనెలాఖరు, జూను మొదలు. అప్పుడే అచటి అడవులలో నల్లయీగలు పుట్టి రక్తము త్రాగును. అట్లని పని ఆగునా? బావికిని మరుగుదొడ్లకును తగిన దూరము, ఏటవాలు చూచి ఏర్పరచుటయు ఈ దశలోనిదే. టైఫాయిడు భయము నిత్యముండిన ఆ కాలమున ఇది ప్రాణముతో కూడిన లెక్క.

ప్రాణము మాట వచ్చినది గనుక నీటి సంగతి చెప్పవలెను. సరస్సు శిబిరమునకు సొబగు, సరస్సే దానికి గండము. పట్టణమునుండి వచ్చిన బాలురలో ఈత రానివారు ఉండకపోరు. తల్లిదండ్రులు బిడ్డను రైలెక్కించి పంపినది అపరిచితుల నమ్మకముపై. మన పల్లెలలో చెరువునకు పోయిన బిడ్డ తిరిగిరాని యిల్లు ఏదో ఒక వీధిలో ఉండనే యున్నది. కావున ఈ భయమును మనకు విడమరచి చెప్పనక్కరలేదు. 1914లో విల్బర్ట్ లాంగ్‌ఫెలో కృషివలన అమెరికా రెడ్‌క్రాసు సంస్థ ప్రాణరక్షక దళమును స్థాపించినది. క్రమముగా శిక్షణ పొందిన యువకుడు లేనిదే ఎవ్వరును నీట దిగరాదను కట్టుబాటు శిబిరములలో పాదుకొన్నది. ప్రతి బాలునకును ఒక జతగాడు. ఈల మ్రోగినంతనే జతలు చేతులు పట్టుకొని పైకెత్తవలెను. లెక్క సరిపోయినదాక ఎవ్వరును కదలరాదు. కావలసిన సామగ్రి యేమి? ఒక ఈల. ఖర్చులేని ఈ పద్ధతిని మన చెరువుగట్ల మీద ఏల పాటింపరాదో నాకు తెలియదు.

రోగభయము మరియొకటి. 1916లో న్యూయార్కు నగరమున పోలియో వ్యాధి విజృంభించినప్పుడు నగరము విడిచిపోవు పిల్లలకు ఆరోగ్య పత్రములు కావలసివచ్చినవి. కొన్ని ఊళ్లు వారిని పొలిమేరలోనే అడ్డగించి వెనుకకు పంపినవి. 1955లో జోనాస్ సాల్క్ గారి టీకా ఫలించినదని ప్రకటించునంతవరకు ప్రతి వేసవియు శిబిరాధికారులకు గుండెల మీది కుంపటియే.

ఈ సన్నాహములన్నియు ఎవరి పిల్లలకొరకు? గుణములు చెప్పి దోషములు దాచుట చరిత్ర గాదు. పేరుమోసిన శిబిరములు పెక్కు సంపన్న శ్వేతజాతి క్రైస్తవుల బిడ్డలకు మాత్రమే తలుపు తెరచెను. యూదులు తమ బీదబాలురకొరకు 1902లో సర్‌ప్రైజ్ లేక్ శిబిరమును, నల్లజాతివారు 1921లో మసాచుసెట్సు రాష్ట్రమున ఎట్‌వాటర్ శిబిరమును తామే నిర్మించుకొనవలసివచ్చెను. అంతకు పూర్వమే, 1877లో, విల్లర్డ్ పార్సన్స్ అను పల్లెటూరి మతబోధకుడు పెన్సిల్వేనియాలోని తన గ్రామస్థులను ఒప్పించి, న్యూయార్కు మురికివాడల పిల్లలను వారి యిండ్లలో అతిథులుగా ఉంచెను. దీనికి డేరాలు లేవు, మంచుకొట్లు లేవు. ఒక అదనపు కంచము, ఒక పక్క – అంతే సన్నాహము.

ఇంగ్లండున 1907 ఆగస్టులో బేడెన్ పవెల్ బ్రౌన్‌సీ ద్వీపముపై నడిపిన శిబిరము ఈ అడ్డుగోడను కొంతవరకు దాటినది. సుమారు ఇరువది మంది బాలురలో గొప్ప పాఠశాలలవారును, సామాన్యుల బిడ్డలును కలసియుండిరి. ధనికుల బిడ్డకు ఒక పౌను రుసుము. పేదవానికి మూడున్నర షిల్లింగులు మాత్రమే. డేరాలో ఇరువురకు చోటు సమానము. ఆ వారము దినముల నుండియే స్కౌటు ఉద్యమము పుట్టి, మన దేశమునకు వచ్చి, 1950 నవంబరు 7న భారత్ స్కౌట్స్ అండ్ గైడ్స్‌గా ఏకమైనది. బాల్చ్ ధనికుని బిడ్డచేత గిన్నెలు తోమించెను. బేడెన్ పవెల్ ఆ బిడ్డ ప్రక్కన పేదవానిని కూర్చుండబెట్టెను. రెండవది మరింత కష్టమైన పనియని నా యభిప్రాయము.

ఋతువు సమీపించిన కొలది పని శిబిరమునుండి యిండ్లకు మారెడిది. జాబితా చూచుకొని తల్లులు ట్రంకు పెట్టెలు సర్దెడివారు. ప్రతి చొక్కాకును, మేజోడునకును, తువాలుకును బిడ్డ పేరుగల గుడ్డముక్క కుట్టవలెను. పర్యవేక్షకులైన కళాశాల యువకులు కొన్ని దినములు ముందుగా చేరి, ఈత ప్రదేశమునకు హద్దులు కట్టి, ఎవనికి ఏ మంచమో నిర్ణయించి, రైలుబండికొరకు ఎదురుచూచెడివారు.

విద్యుచ్ఛక్తి వచ్చి మంచుకొట్లకు పని తప్పించినది. అయినను బాల్చ్ శిబిరమున్న స్క్వామ్ సరస్సు ఒడ్డుననే, 1897లో మొదలైన రాకీవోల్డ్ డీప్‌హేవెన్ అను కుటుంబ విడిదివారు ఆ పనిని విడువలేదు. నేటికిని చలికాలము నడుమ సరస్సు గట్టిపడగనే రంపములు తీసికొని బయలుదేరి, దిమ్మలు కోసి, రంపపుపొట్టులో కప్పి, రాబోవు వేసవికై దాచుచున్నారు.