వదిలేసినా కదిలే జాయ్‌స్టిక్

జాయ్‌స్టిక్ మీద చెయ్యి తీసేసినా గేమ్‌లో బొమ్మ తనంతట తానే పక్కకి పోతే దాన్ని డ్రిఫ్ట్ అంటారు. స్టిక్ లోపల కార్బన్ పూత మీద చిన్న లోహపు ముక్క రాసుకుంటూ తిరుగుతుంది. ఆడేకొద్దీ ఆ పూత అరుగుతుంది.

1998లోనే సెగా కంపెనీ డ్రీమ్‌కాస్ట్ కంట్రోలర్‌లో అయస్కాంతం పెట్టింది. అందులో రాపిడి లేదు, అరుగుడూ లేదు. అయినా 2017లో వచ్చిన నింటెండో స్విచ్ జాయ్‌కాన్‌లలో మళ్లీ అరిగే పద్ధతే వాడారు.

2019లో అమెరికాలో ఆడేవాళ్లు కోర్టుకెక్కారు. 2020లో కంపెనీ అధ్యక్షుడు ఫురుకావా కలిగిన ఇబ్బందికి క్షమాపణ చెప్పారు. 2021లో ఐరోపా వినియోగదారుల సంఘాలు దాదాపు 25,000 ఫిర్యాదులు పోగుచేసి ముందుపెట్టాయి. 2023కి అక్కడ వారంటీ అయిపోయినా ఉచితంగా బాగుచేస్తామని కంపెనీ ఒప్పుకుంది.

ఒక్కడే అడిగితే "నువ్వే పాడుచేశావ్" అనేస్తారు. వేలమంది లెక్క చూపిస్తే ఆ మాట చెల్లదు. అందుకే ఏ వస్తువు కొన్నా బిల్లు దాచుకోండి, పాడైతే నలుగురికీ చెప్పండి.