దెగ్లూర్ రోడ్డు మీద ఒక రోజు నడక

2022 నవంబర్ 7, సోమవారం. భారత్ జోడో యాత్ర పగలంతా కామారెడ్డి జిల్లాలో నడిచి, సాయంత్రం మేనూర్‌లో సభ ముగించుకొని, రాత్రికి దెగ్లూర్ చేరింది. అంతటితో ఆగలేదు. కాగడాలు పట్టుకొని అర్ధరాత్రి మళ్లీ నడక, వన్నాలి గురుద్వారా దాకా! పార్టీల సంగతి పక్కన పెడదాం, ఆ కాళ్ల ఓపిక మెచ్చుకోవాల్సిందే.

వాళ్లు దాటిన సరిహద్దు 1956 నవంబర్ 1న పడింది. అంతకుముందు దెగ్లూర్ కూడా మన హైదరాబాద్ రాష్ట్రంలోదే. బస్సులు లేని రోజుల్లో తెలంగాణ పద్మశాలీలు షోలాపూర్ మగ్గాల కోసం మూటాముల్లె నెత్తిన పెట్టుకొని, పిల్లల్ని చంకనేసుకొని పడమటికి నడిచిపోయారు. ఆ నడకలకు ఫొటోల్లేవు, తేదీల్లేవు. మీ ఇంట్లో పెద్దవాళ్లుంటే, వాళ్ల తాతలు ఏ దారిన పోయిన్రో, రాత్రి ఏ ఊళ్లో ఆగిన్రో అడిగి రాసిపెట్టుకోండి.